వెండర్ మూడు రెట్లు అన్నాడు, నేను 1.8 అని రాశాను: ఒక సర్వర్ మార్పు కేస్ స్టడీ

కొటేషన్ వచ్చిన రోజు మీటింగ్‌లో మా ఇన్‌ఫ్రా హెడ్ గారు అడిగింది ఒక్కటే. "కొత్త ప్రాసెసర్ పెడితే రాత్రి బ్యాచ్ ఎంత తొందరగా అవుతుంది? ఒక్క నంబర్ చెప్పండి." వెండర్ స్లైడ్‌లో ఒక నంబర్ అప్పటికే ఉంది. మూడు రెట్లు. దాన్ని నమ్మాలా వద్దా తేల్చే పని నా మీద పడింది. "వారం టైమ్ ఇవ్వండి సార్, నంబర్‌తో పాటు కారణం కూడా రాసిస్తాను" అన్నాను.

ఆ వారంలో ఏం చేశాను, ఏం రాశాను, మెషీన్ వచ్చాక ఏం తేలింది, ఎక్కడ తప్పాను అన్నది ఇక్కడ మొత్తం రాస్తున్నాను. సర్వర్లు కొనేవాళ్లకూ, కొనమని సలహా ఇచ్చేవాళ్లకూ పనికొస్తుందని నమ్మకం. తప్పిన చోటే నేను ఎక్కువ నేర్చుకున్నాను, అందుకే దాని గురించే ఎక్కువ రాశాను.

మాది హైదరాబాద్‌లో ఒక ఫైనాన్స్ సంస్థ. డిపాజిట్లు, లోన్లు. రోజూ రాత్రి 11 గంటలకు ఎండ్ ఆఫ్ డే బ్యాచ్ మొదలవుతుంది. ఆ రోజు లావాదేవీలన్నీ తీసుకుని, ప్రతి ఖాతాకూ వడ్డీ లెక్కగట్టి, డేటాబేస్‌లో పోస్ట్ చేసి, పొద్దున బ్రాంచీలకు కావలసిన రిపోర్టులు తయారు చేస్తుంది. తెల్లవారి 5 గంటలకల్లా అయిపోవాలి. అంటే 360 నిమిషాలు. 2023 చివరికి బ్యాచ్ 320 నిమిషాలు తీసుకుంటోంది. నెలాఖరు రాత్రుల్లో 5 దాటేది. ఆ రాత్రుల్లో ఆపరేషన్స్ టీమ్ పిల్లలు పడే టెన్షన్ నేను దగ్గరుండి చూశాను.

పాత సర్వర్‌లో రెండు ఇంటెల్ జియాన్ గోల్డ్ 6248 ప్రాసెసర్లు ఉన్నాయి. 2019లో వచ్చిన క్యాస్కేడ్ లేక్ తరం. ఒక్కోదానికి 20 కోర్లు (విడివిడిగా పనిచేసే లెక్క యూనిట్లు), 27.5 మెగాబైట్ల ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ). కొత్తగా చూస్తున్నవి ఏఎండీ ఎపిక్ 9004 వరుసలోవి, 2022 నవంబర్‌లో విడుదలైన జెనోవా తరం. వాటిలో రెండు మోడళ్లు పరిశీలనలో ఉన్నాయి. ఒకటి 96 కోర్ల 9654. రెండోది 32 కోర్ల 9374ఎఫ్. కోర్లు తక్కువే కానీ క్లాక్, అంటే సెకనుకు నడిచే సైకిళ్లు, ఎక్కువ. వెండర్ మొగ్గు 96 కోర్ల వైపు. మా డేటాబేస్ లైసెన్స్ కోర్ల లెక్కన కట్టాలి కాబట్టి మా అకౌంట్స్ వాళ్ల మొగ్గు రెండో వైపు.

వెండర్ చెప్పిన మూడు రెట్లు అబద్ధం కాదు. అది స్పెక్ సీపీయూ 2017 అనే ప్రామాణిక పరీక్షల్లో రేట్ అనే పరీక్ష మీద ఆధారపడిన అంకె. ఆ పరీక్షలో ఒకే ప్రోగ్రామ్‌ను కోర్‌కొక కాపీ చొప్పున నడిపి, మొత్తం మీద ఎంత పని అయిందో కొలుస్తారు. ఒక కాపీ ఇంకో కాపీ కోసం ఆగదు. డిస్క్ కోసం, నెట్‌వర్క్ కోసం ఎదురు చూడటం దాదాపు ఉండదు. ప్రాసెసర్, మెమరీ, కంపైలర్ సత్తా తేల్చడానికి అది మంచి పరీక్ష. కానీ మా బ్యాచ్ అలాంటి పని కాదు. ఒక దశ అయ్యాకే ఇంకో దశ. ఒకచోట ఒక్క కోరే పనిచేస్తూ మిగిలినవి ఖాళీగా ఉంటాయి. ఇంకోచోట కోర్లన్నీ డిస్క్ వైపు చూస్తూ కూర్చుంటాయి.

అందుకని మొదట 320 నిమిషాలనూ విడగొట్టాను. నాలుగు దశలు తేలాయి. ఫైళ్లు చదివి సరిచూడటం 40 నిమిషాలు, వడ్డీ లెక్క 150, డేటాబేస్ పోస్టింగ్ 70, రిపోర్టులు 60. ఒక్కో దశ నడుస్తున్నప్పుడు లినక్స్‌లో ఉండే పర్ఫ్ టూల్‌తో ప్రాసెసర్ లోపలి కౌంటర్లు చదివాను. ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు నడిచాయి, ఎన్ని సైకిళ్లు పట్టాయి, అందులో ఎన్ని ఎదురుచూపులో పోయాయి అన్నది అవి చెబుతాయి. 2014లో ఇంటెల్‌కు చెందిన అహ్మద్ యాసిన్ టాప్-డౌన్ అనే పద్ధతి ప్రచురించారు. ప్రాసెసర్ సమయాన్ని నాలుగు గంపల్లో వేస్తుంది అది: నిజంగా పని అయినది, షరతు ఫలితాన్ని ముందే ఊహించి తప్పు దారిలో వెళ్లి వెనక్కి వచ్చినది, ఇన్‌స్ట్రక్షన్లు అందక ఆగినది, డేటా అందకో యూనిట్లు ఖాళీ లేకో ఆగినది. నా లెక్కంతా దాని మీదే నడిచింది.

ఇక్కడ ఒక మూల సూత్రం చెప్పాలి. ప్రోగ్రామ్‌కు పట్టే సమయం మూడింటి లబ్ధం: ఇన్‌స్ట్రక్షన్ల సంఖ్య, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కు పట్టే సైకిళ్లు, ఒక్కో సైకిల్ నిడివి. ఒక్క క్లాక్ చూసి అంచనా వేస్తే ఏమవుతుందో 2004లోనే కనబడింది. ఇంటెల్ పెంటియం 4 ప్రెస్కాట్‌లో పైప్‌లైన్ (ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ దాటాల్సిన మెట్ల వరుస) 20 మెట్ల నుంచి 31 మెట్లకు పెరిగింది, క్యాష్ రెట్టింపైంది. అయినా అదే క్లాక్ దగ్గర చాలా ప్రోగ్రాములు అంతకుముందరి పెంటియం 4, నార్త్‌వుడ్‌ను దాటలేకపోయాయి. అప్పటినుంచీ మా ఫీల్డులో ఐపీసీ, అంటే సైకిల్‌కు ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు, అన్న మాట ముందుకొచ్చింది. కానీ ఐపీసీ ప్రాసెసర్‌కు పుట్టుకతో వచ్చే గుణం కాదు. ప్రోగ్రామ్, ప్రాసెసర్ కలిస్తేనే అది పుడుతుంది. జెన్ అన్నది ఏఎండీ కోర్ డిజైన్ల పేరు, జెనోవాలో ఉన్నది జెన్ 4. జెన్ 3 మీద జెన్ 4 ఐపీసీ సగటున 13 శాతం ఎక్కువని ఏఎండీ ప్రకటించింది. ఆ ప్రకటన స్లైడ్‌లోనే ఒక్కో ప్రోగ్రామ్ విడిగా చూస్తే 1 శాతం నుంచి 39 శాతం దాకా ఉంది. మన ప్రోగ్రామ్ ఆ వరుసలో ఎక్కడ పడుతుందో సగటు చెప్పదు.

మొదటి దశ

ఫైళ్లు చదివే దశ ఒక్క కోర్ మీద నడిచే పని. 96 కోర్లున్నా 32 ఉన్నా దీనికి పట్టదు. పాత ప్రాసెసర్ ఒక్క కోర్ నడిచేటప్పుడు 3.9 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. 9654 గరిష్ఠం 3.7. అంటే అంత ఖరీదైన కొత్త ప్రాసెసర్‌లో క్లాక్ పాతదాని కంటే తక్కువ! 9374ఎఫ్ అయితే 4.3. ఇది మీటింగ్‌లో చెప్పినప్పుడు ఎవరూ వెంటనే నమ్మలేదు. స్పెసిఫికేషన్ పేజీలు తెరిచి చూపించాల్సి వచ్చింది.

ఐపీసీ సంగతికొస్తే, పాత కోర్ 2015 నాటి స్కైలేక్ డిజైనే. దానికీ 2019 నాటి జెన్ 2కూ పెద్ద తేడా లేదనుకున్నాను. జెన్ 2 మీద జెన్ 3కి 19 శాతం, దాని మీద జెన్ 4కు 13 శాతం. రెండూ గుణిస్తే 1.34. ఇది కాగితం మీది లెక్క. దీన్ని నమ్మి ఊరుకోకుండా జెన్ 4 కోర్లున్న ఒక క్లౌడ్ మెషీన్‌ను కొన్ని గంటలకు అద్దెకు తీసుకున్నాను. కస్టమర్ల డేటా బయటికి తీసుకెళ్లకూడదు కాబట్టి డమ్మీ ఖాతాలు తయారు చేశాను, అసలు దానిలో పదో వంతు. ఆ మెషీన్ గరిష్ఠ క్లాక్ 3.7. అక్కడ మా పార్సర్ (ఫైళ్లు చదివే కోడ్) 1.2 రెట్లు వేగంగా నడిచింది. క్లాక్ తేడా తీసేస్తే ఐపీసీ లాభం 1.26. అంటే మా కోడ్ సగటు కంటే కింద పడింది. కామాల మధ్య ఉన్న పేర్లూ తేదీలూ ఏరుకునే కోడ్ అది, అడుగడుగునా ఏదో ఒక షరతు చూస్తుంది. దారి తప్పి వెనక్కి రావడం ఎక్కువ.

1.26ను 4.3, 3.9ల నిష్పత్తితో గుణిస్తే 1.39. షీట్‌లో రాసుకున్నాను: 40 నిమిషాలు 29 అవుతాయి.

రెండో దశ

వడ్డీ లెక్కే బ్యాచ్‌కు గుండెకాయ. కోర్‌కొకటి చొప్పున 40 వర్కర్లు నడుస్తాయి. ఒక్కో వర్కర్ ఖాతా తీసుకుంటుంది, ఆ స్కీమ్‌కు ఏ తేదీ నుంచి ఏ రేటో పట్టికలో వెతుకుతుంది, లెక్కగడుతుంది. ఆ రేట్ల పట్టికలో స్కీమ్ వారీగా, కాలపరిమితి వారీగా, శ్లాబ్ వారీగా చరిత్ర మొత్తం ఉంటుంది. వెనకటి తేదీతో ఎంట్రీ వస్తే అప్పటి రేటు కావాలి కదా. మెమరీలో అది సుమారు 90 మెగాబైట్లు.

కౌంటర్లు ఏం చెప్పాయంటే, ఈ దశలో 45 శాతం సైకిళ్లు మెమరీ నుంచి డేటా రాక ఆగిపోతున్నాయి. 150 నిమిషాల్లో 82 లెక్క, 68 ఎదురుచూపు. ఈ రెంటినీ విడిగా చూడకపోతే అంచనా తప్పక తప్పుతుంది. మెమరీ దాకా వెళ్లి రావడానికి ఉజ్జాయింపుగా 100 నానోసెకన్లు అనుకుందాం. 3.2 గిగాహెర్ట్జ్ దగ్గర అది 320 సైకిళ్లు. 4.1 దగ్గర 410. క్లాక్ పెరిగితే ఆ ఎదురుచూపు తగ్గదు, వృథా అయ్యే సైకిళ్ల లెక్క పెరుగుతుంది. వంటమనిషి చేయి ఎంత చురుకైనదైనా, కొట్టుకెళ్లిన కుర్రాడు కందిపప్పు తెచ్చేదాకా ఆగాల్సిందే.

లెక్క భాగానికి కోర్లు 40 నుంచి 64 (32 కోర్ల ప్రాసెసర్లు రెండు) అయ్యాయి, 1.6. అన్ని కోర్లూ నడుస్తున్నప్పటి క్లాక్ 3.2 నుంచి 4.1, అంటే 1.28. ఐపీసీకి 1.3 తీసుకున్నాను. మూడూ కలిపితే 2.66 రెట్లు. 82 నిమిషాలు 31 అవుతాయి.

ఎదురుచూపు భాగాన్ని ఎక్కువ కోర్లు పంచుకుంటాయి కాబట్టి 68ని 1.6తో భాగిస్తే 42.5. ఆ తర్వాత క్యాష్. పాత ప్రాసెసర్‌లో ఎల్3 27.5 మెగాబైట్లు, 90 మెగాబైట్ల పట్టిక అందులో పట్టదు. కొత్తదానిలో 256 మెగాబైట్లు. పట్టిక మొత్తం పట్టేస్తుంది, ఇక మెమరీ దాకా వెళ్లే పని బాగా తగ్గుతుందని అనుకున్నాను. జాగ్రత్త కోసం సగమే తగ్గుతుందని వేసుకున్నాను. 21 నిమిషాలు. క్లౌడ్ మెషీన్ మీద కూడా చూశాను. లక్ష ఖాతాలకు పట్టిన టైమ్ నా అంచనా కంటే తక్కువే వచ్చింది. దాంతో ధీమా వచ్చింది. షీట్‌లో 150 పక్కన 52 అని రాసేశాను.

పోస్టింగ్ దశలో ప్రాసెసర్‌కు పెద్ద పని లేదు. 70 నిమిషాల్లో 60, లాగ్ (డేటాబేస్ తన మార్పులను ముందుగా రాసుకునే ఫైల్) స్టోరేజ్‌కు చేరిందన్న కబురు కోసం ఆగడమే. స్టోరేజ్ మార్చడం లేదు. కాబట్టి 67. రిపోర్టుల్లో 40 నిమిషాలు మెమరీ బ్యాండ్‌విడ్త్‌కు (సెకనుకు మెమరీ నుంచి ఎంత డేటా రాగలదో దానికి) కట్టుబడ్డాయి, 20 ఒక్క కోర్ మీద ముక్కలను కలిపే మెర్జ్. పాత సర్వర్‌లో ఒక్కో ప్రాసెసర్‌కు ఆరు చానెళ్ల డీడీఆర్4-2933, రెండూ కలిపి సెకనుకు 281.6 గిగాబైట్లు. కొత్తదానిలో పన్నెండు చానెళ్ల డీడీఆర్5-4800, రెండూ కలిపి 921.6. నిష్పత్తి 3.27. కానీ బ్యాండ్‌విడ్త్ అనే గోడ వెనక్కి జరిగితే లెక్క వేగం అనే ఇంకో గోడ తగులుతుంది కాబట్టి 2.5 దగ్గర ఆపాను. 16, మెర్జ్‌కు 14, మొత్తం 30.

29, 52, 67, 30. కలిపితే 178 నిమిషాలు. 1.8 రెట్లు.

96 కోర్ల మోడల్‌కు కూడా ఇదే లెక్క వేశాను. మొదటి దశ 33, వడ్డీ 19, పోస్టింగ్ 68, రిపోర్టులు 29, మొత్తం 149. కోర్లు మూడింతలైనా మిగిలేది 29 నిమిషాలే, లైసెన్స్ ఖర్చు మాత్రం మూడింతలు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిందే ఇది. పనిలో వేగం పెరగని భాగం ఎంతుందో అదే చివరికి హద్దు గీస్తుంది. మా విషయంలో స్టోరేజ్ కోసం ఆగే 60 నిమిషాలున్నాయి. ప్రాసెసర్ అనంతమైన వేగంతో పనిచేసినా 320ని 60తో భాగిస్తే 5.3 రెట్లు దాటదు. ఈ షీట్ చూశాక ఇన్‌ఫ్రా హెడ్ గారు 32 కోర్లకే ఓకే చెప్పారు. డేటాబేస్ చూసుకునే డీబీఏ మేడం ఒక్క మాట అన్నారు. "మీరు ప్రతి దశకూ విడిగా నంబర్ రాశారు కదా, మెషీన్ వచ్చాక కూడా అలాగే విడిగా చూపించండి. టోటల్ ఒక్కటే చూపించి వదిలేయొద్దు." ఆ మాట ఎంత విలువైనదో నాకు అప్పుడు పూర్తిగా తెలియలేదు.

మెషీన్ వచ్చాక

2024 మొదట్లో సర్వర్ వచ్చింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపే రోజుల్లో మొదటి రాత్రి నేనూ, నా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయీ ఆఫీసులోనే ఉన్నాం. మొదటి దశ 29 నిమిషాల్లో అయింది. సరిగ్గా రాసినంత. ఇద్దరం టీ తెచ్చుకుని కూర్చున్నాం. వడ్డీ దశ 52 నిమిషాలు దాటింది. 60 దాటింది. 76 దగ్గర ఆగింది.

మిగిలినవి బాగానే వచ్చాయి. పోస్టింగ్ 66, రిపోర్టులు 31. మొత్తం 202 నిమిషాలు, అంటే 1.58 రెట్లు. తప్పిందల్లా వడ్డీ దశ ఒక్కటే, 24 నిమిషాలు.

పర్ఫ్ మళ్లీ నడిపాం. లెక్క భాగం నేను వేసినట్టే 31 నిమిషాలకు దగ్గరగా ఉంది. ఎదురుచూపు భాగం 45. నేను వేసింది 21. అంటే క్యాష్ నుంచి వస్తుందనుకున్న లాభం అసలు రాలేదు. ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు. 90 మెగాబైట్ల పట్టిక, 256 మెగాబైట్ల క్యాష్. పట్టకపోవడమేంటి?

ఆ అబ్బాయి ప్రాసెసర్ వివరాలు చూపే ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టి స్క్రీన్ వైపు చూస్తున్నాడు. "అన్నా, ఎల్3 ఎదురుగా 512 మెబిబైట్లు అనుంది, పక్కన బ్రాకెట్లో 16 ఇన్‌స్టెన్సెస్ అని ఉంది. ఇదేంటి?"

ఆ లైన్ చూడగానే తెలిసిపోయింది. రెండు ప్రాసెసర్లకూ కలిపి 512, కానీ అది ఒక్క ముద్ద కాదు, పదహారు ముక్కలు. ఈ ప్రాసెసర్‌ను చిన్న చిన్న చిప్‌లెట్లు కలిపి కడతారు. 9374ఎఫ్‌లో ఎనిమిది చిప్‌లెట్లు, ఒక్కోదానిలో నాలుగు కోర్లు, ఆ నాలుగింటికీ కలిపి 32 మెగాబైట్ల ఎల్3. ఒక కోర్ డేటా నింపుకోగలిగేది తన చిప్‌లెట్‌లోని 32లోనే. 256 అన్నది ఎనిమిది వంటిళ్లలోని అలమరలు కలిపిన లెక్క. ఏ వంటింట్లోని మనిషికైనా అందేది తన అలమరే. పక్కింటి అలమర నుంచి తెచ్చుకోవడం దాదాపు కొట్టుకెళ్లి వచ్చినంత పని.

అంటే మా పట్టిక దృష్టితో చూస్తే పాత క్యాష్ 27.5, కొత్తది 32. పాత దానిలో పట్టికలో మూడో వంతుకు కాస్త తక్కువ పడుతుంది, కొత్తదానిలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. దాదాపు ఒక్కటే. పైగా డీడీఆర్5 మెమరీకి బ్యాండ్‌విడ్త్ బాగా పెరిగినా, ఒక్కసారి వెళ్లి రావడానికి పట్టే సమయం మా సర్వర్‌లో తగ్గలేదు, కొంచెం పెరిగింది. 42.5 వేసుకున్న చోట 45 రావడానికి అదే కారణం.

ఈ చిప్‌లెట్ల సంగతి నాకు తెలియనిది కాదు. డాక్యుమెంట్లలో స్పష్టంగా ఉంది, చదివాను కూడా. కానీ షీట్‌లో నంబర్ వేసేటప్పుడు స్పెసిఫికేషన్ పేజీలోని 256నే తీసుకున్నాను. ఒక కోర్ కోణం నుంచి ఆలోచించలేదు.

మరి క్లౌడ్ పరీక్షలో ఎందుకు పట్టుబడలేదు? నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. డమ్మీ డేటా పదో వంతు అని చెప్పాను కదా. ఖాతాలతో పాటు రేట్ల పట్టిక కూడా పదో వంతే చేశాను. 9 మెగాబైట్లు. అది ఏ 32లోనైనా హాయిగా పడుతుంది. అంటే నేను పరీక్షించాలనుకున్న ప్రశ్నను డేటా చిన్నది చేసి నేనే తీసేశాను. అదే క్లౌడ్ మెషీన్, అదే డమ్మీ డేటా మొదటి దశ విషయంలో నిజం చెప్పాయి. ఎందుకంటే ఫైల్ చదివే పనికి ఎంత డేటా అన్నది లెక్క కాదు, ఒక్కో వరుసకు ఎంత పని అన్నదే లెక్క. రెండో దశలో డేటా సైజే అసలు విషయం. పరీక్ష చేశాం అని చెప్పుకుంటే సరిపోదు, ఏ దశకు ఆ పరీక్ష సాక్ష్యంగా చెల్లుతుందో విడిగా చూడాలి.

ఒక్క ఆర్డర్ బై

మరుసటి రోజు మధ్యాహ్నం కూర్చుని వర్కర్ల పని తీరు చూశాం. ఖాతాలు నంబర్ వరుసలో వస్తున్నాయి. ఒక ఖాతా ఫిక్స్‌డ్ డిపాజిట్, తర్వాతది గోల్డ్ లోన్, ఆ తర్వాతది ఇంకోటి. ప్రతిదానికీ పట్టికలో వేరే మూలకు వెళ్లాలి. స్కీములను తొమ్మిది గుంపులు చేస్తే ఒక్కో గుంపు రేట్లు సుమారు 10 మెగాబైట్లు. ఖాతాలను స్కీమ్ గుంపు ప్రకారం తెచ్చి, వర్కర్లన్నీ ఒకే సమయంలో ఒకే గుంపు మీద పనిచేసేలా చేస్తే, ఆ 10 మెగాబైట్లూ ప్రతి చిప్‌లెట్ క్యాష్‌లోనూ నిలుస్తాయి. చేయాల్సిందల్లా ఖాతాలు తెచ్చే డేటాబేస్ క్వెరీలో వరుస నిర్ణయించే ఆర్డర్ బై ఒకటి, గుంపుల మధ్య ఒక చిన్న నిరీక్షణ.

టెస్టింగ్‌కు పది రోజులు పట్టింది. పైసాతో సహా పాత లెక్కతో సరిపోవాలి కదా. వడ్డీ దశ 76 నుంచి 55కు దిగింది. మొత్తం 181 నిమిషాలు. 320ని 181తో భాగిస్తే 1.77. నేను రాసింది 1.8.

రివ్యూ మీటింగ్‌లో అందరూ సంతోషించారు. "మీరు చెప్పినట్టే వచ్చింది కదండీ" అన్నారు ఇన్‌ఫ్రా హెడ్ గారు. మూడు నిమిషాల తేడా, 178కి 181. కానీ నేను చెప్పినట్టు రాలేదు. అంకె కలిసింది, కారణం కలవలేదు. క్యాష్ పెద్దదవడం వల్ల వస్తుందని నేను రాసిన లాభం, ఖాతాల వరుస మార్చడం వల్ల వచ్చింది. డీబీఏ మేడం దశలవారీ పట్టిక అడిగి ఉండకపోతే ఈ విషయం మీటింగ్‌లో బయటికి వచ్చేదే కాదు.

తేల్చుకోవడానికి ఒకటే దారి. పాత సర్వర్ ఇంకా ర్యాక్‌లోనే ఉంది. అదే మార్పు చేసిన కోడ్‌ను దాని మీద నడిపాం. వడ్డీ దశ 150 నుంచి 118కి వచ్చింది. మిగిలిన దశలు మారలేదు, మొత్తం 288. ఇప్పుడు లెక్క చూడండి. మార్పుకు ముందు పాతది 320, కొత్తది 202, నిష్పత్తి 1.58. మార్పు తర్వాత పాతది 288, కొత్తది 181, నిష్పత్తి 1.59. కోడ్ ఎలా ఉన్నా ఈ ప్రాసెసర్ మార్పు మాకు ఇచ్చింది 1.6 రెట్లే. మిగతాది మేం మూడేళ్ల కిందటే, ఒక్క రూపాయి పెట్టకుండా, పాత మెషీన్ మీదే తెచ్చుకోగలిగిన 32 నిమిషాలు.

ఈ మాట నేను మీటింగ్‌లో అలాగే చెప్పాను. చెప్పేటప్పుడు కాస్త ఇబ్బందిగానే ఉంది. కానీ వచ్చే ఏడాది ఇంకో బ్రాంచ్ సర్వర్‌కు ఎవరో ఇదే 1.8ని పట్టుకుని బడ్జెట్ వేస్తారు. అక్కడ ఆర్డర్ బై మార్చే అవకాశం ఉండదు, 1.6 కూడా రాకపోవచ్చు. అప్పుడు ఆ టీమ్‌ను ఎవరు కాపాడతారు?

మిగిలిన విషయాలు త్వరగా చెప్పేస్తాను. కరెంటు ఎక్కువ తాగుతుంది, 6248కి 150 వాట్లయితే దీనికి 320, ర్యాక్‌లో కూలింగ్ సర్దుకోవాల్సి వచ్చింది. నెలాఖరు రాత్రులు ఇప్పుడు 5 లోపే అవుతున్నాయి. ఆ మొదటి రాత్రి బ్రాకెట్లోని అంకె గమనించిన అబ్బాయికే ఇప్పుడు ఈ షీట్ అప్పగించాను.

షీట్ రూపం కూడా మారింది. ఇదివరకు ఒక్కో దశకు పాత టైమ్, అంచనా టైమ్, అసలు టైమ్ ఉండేవి. ఇప్పుడు ఇంకో మూడు గడులు చేరాయి. ఈ దశ దేనికోసం ఆగుతోంది, అంచనాకు ఆధారమైన పరీక్ష అసలు డేటా సైజ్ మీద చేసిందేనా, అంచనా తప్పితే ముందు ఏ కౌంటర్ చూడాలి. మెషీన్ రాకముందే ఈ గడులు నింపి, తేదీ వేసి, మేడంకు మెయిల్ చేస్తాం. తర్వాత ఎవరూ దిద్దడానికి లేదు.

2024 అక్టోబర్‌లో ఏఎండీ ఎపిక్ 9005 వరుస, ట్యూరిన్, విడుదల చేసింది. జెన్ 5 కోర్లు. కొన్నాళ్లకు వెండర్ మళ్లీ వచ్చాడు. 32 కోర్ల 9375ఎఫ్, 4.8 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. ఈసారి షీట్ నింపడానికి వారం పట్టలేదు, ఒక పూట సరిపోయింది. ఎల్3 అదే 256, చిప్‌లెట్‌కు అదే 32. మా గుంపులు ఇప్పటికే అందులో పడుతున్నాయి, కాబట్టి క్యాష్ గడిలో సున్నా. మొదటి దశకు క్లాక్ 1.12, ఐపీసీ సగటు ప్రకటన 1.16 కానీ మా పార్సర్ పోయినసారి సగటు కంటే కిందే పడింది కాబట్టి 1.1 వేశాడు మా అబ్బాయి. 29 నిమిషాలు 24. పోస్టింగ్ దగ్గరికొచ్చేసరికి 66 పక్కన 65 అని రాసి, పెన్ను అక్కడే ఆపి నా వైపు చూశాడు.

181లో 66 అంటే మూడో వంతు కంటే ఎక్కువ. ఆ కొటేషన్ పక్కన పెట్టి, లాగ్ రాసే స్టోరేజ్‌కు కొటేషన్లు పిలిచాం. షీట్‌లో పోస్టింగ్ వరుసలో 66 ఎదురుగా 35 అని ఉంది. కారణం గడిలో, ఒక్కో కమిట్‌కు (లావాదేవీని ఖాయం చేయడానికి) ఇప్పుడు ఎంత ఆగుతున్నామో, కొత్త డిస్కులతో ఎంత ఆగాలో మిల్లీసెకన్లలో రాసి ఉంది. పరీక్ష గడిలో ఇంకా ఏమీ లేదు. వచ్చే శనివారం రాత్రి అరువు తెచ్చిన డిస్కుల మీద, ఈసారి పూర్తి సైజ్ డేటాతో నడుపుతున్నాం.